పారాథైరాయిడ్ ఆపరేషన్ తరువాత కాల్షియం సరిగ్గానే ఉంది, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను) మాత్రం ఎక్కువగా ఉంది: అనుభవమున్నవారు చెప్పగలరు

హంద్రీ గట్టు (కర్నూలు):

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్ళు. మాది పత్తికొండ దగ్గరి పల్లె. ప్రస్తుతం అమ్మ నా దగ్గరే కర్నూలులో ఉంటున్నారు. ఏళ్ళ తరబడి కీళ్ళనొప్పులనీ నడుమునొప్పి అనీ మాత్రలు మింగుతూ వచ్చిన మనిషికి, మూత్రపిండాల్లో రెండోసారి రాళ్ళు కనబడినప్పుడు ఒక వైద్యుడు కాల్షియం పరీక్ష కూడా రాయడంతో అసలు సంగతి బయటపడింది. అప్పుడు కాల్షియం 11.8, పీటీహెచ్ 396, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ (ఎముకల అరుగుదల పెరిగితే రక్తంలో పెరిగే ఎంజైము) కూడా బాగా ఎక్కువ. సెస్టమిబి స్కానులో (చెడిన పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కడుందో వెతికే స్కాను) ఎడమవైపు కింది పారాథైరాయిడ్ గ్రంథి పెరిగినట్లు తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఆ ఒక్క గ్రంథిని తీసివేశారు. ఆపరేషన్ గదిలోనే చేసిన పరీక్షలో పీటీహెచ్ 52కు పడిపోయిందని డిశ్చార్జి కాగితంలో రాశారు.

ఇప్పుడు మూడో నెల నడుస్తోంది. మొన్నటి రిపోర్టులో కాల్షియం 9.0, అల్బుమిన్ 3.4, ఫాస్ఫరస్ 2.6, క్రియాటినిన్ 0.8 ఉన్నాయి కానీ పీటీహెచ్ 138 వచ్చింది. ల్యాబు ఇచ్చిన హద్దు 15 నుంచి 65. ఆ అంకె పక్కన మందపాటి అక్షరాలతో ‘ఎక్కువ’ అని ఉండడం చూసినప్పటి నుంచి అమ్మకు కంటిమీద కునుకు లేదు. మెడ మీది మచ్చ తడుముకుంటూ "మళ్ళా గొంతు కోస్తారేమోమ్మీ" అని అడుగుతున్నారు. ఇక్కడ ఒక క్లినిక్కులో చూపిస్తే, ఆపరేషన్ విఫలమైందనీ, మళ్ళీ స్కాన్ తీయించాలనీ, కాల్షియం మాత్రలు వెంటనే ఆపేయాలనీ చెప్పారు. హైదరాబాదు వైద్యుల దగ్గరికి వెళ్ళడానికి ఇంకా సమయం ఉంది. హార్మోను ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు ఆపరేషన్ సరిగ్గా జరిగిందని ఎట్లా నమ్మాలి?

తుంగభద్ర తీరం (కర్నూలు):

చెల్లెమ్మా, ముందుగా మీరు ధైర్యంగా ఉండండి. నాకు ఇదే ఆపరేషన్ జరిగి నాలుగేళ్ళు దాటింది. మొదటి ఏడాదంతా నా పీటీహెచ్ హద్దుకు పైనే ఉంది. కాల్షియం మాత్రం ఒక్కసారి కూడా 9.8 దాటలేదు. ఈ రోజు వరకు రెండో ఆపరేషన్ అవసరం రాలేదు. నా కథే మీ అమ్మగారి కథ కానక్కరలేదు గానీ, పీటీహెచ్ ఒక్కటే చూసి విఫలమైందని తీర్పు చెప్పడం సరికాదని మాత్రం నా వైద్యులు నాకు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు.

కాల్షియం మాత్రల సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. ఆపరేషన్ చేసినవారిని ఫోనులోనైనా అడగకుండా వాటిని ఆపవద్దు. ఆపరేషన్ అయిన తొలి వారంలో నాకు మూతి చుట్టూ చిమచిమలు మొదలై, చూస్తూండగానే చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. రాత్రికి రాత్రి ఆసుపత్రికి తీసుకుపోయి నరానికి కాల్షియం ఎక్కించాల్సి వచ్చింది. మీ అమ్మగారికి మూడో నెల కాబట్టి అంత ప్రమాదం లేకపోవచ్చు. అయినా పెదాల చుట్టూ తిమ్మిరి, పిక్కలు పట్టేయడం లాంటివి ఉన్నాయేమో ఒకసారి అడిగి చూడండి.

పాలకొండల నీడ (కడప):

నేను ఎండోక్రినాలజీ (హార్మోన్ల) వైద్యుడిని. రోగిని చూడకుండా చికిత్స చెప్పడం తగదు కాబట్టి, ఈ అంకెలను ఎట్లా చదవాలన్నంత వరకే రాస్తాను. ఈ ప్రశ్నతో నా దగ్గరికి వచ్చే కుటుంబాలు తక్కువేమీ కాదు. వారిలో చాలామంది అప్పటికే అనవసరమైన స్కానులకు డబ్బు పోసి వచ్చి ఉంటారు. అది నాకు బాధ కలిగించే విషయం.

పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు. థైరాయిడ్ వెనుక, ఒక్కొక్కటి కందిబద్దంత కూడా లేకుండా ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గుతోందనిపిస్తే అవి పీటీహెచ్‌ను విడుదల చేస్తాయి. ఆ హార్మోను ఎముకల నుంచి కాల్షియాన్ని రప్పిస్తుంది, మూత్రంలో పోకుండా ఆపుతుంది, విటమిన్ డి‌ని చురుకైన రూపంలోకి మార్చి పేగుల ద్వారా మరింత కాల్షియం లోపలికి వచ్చేటట్లు చేస్తుంది. కాల్షియం చాలినంత ఉంటే గ్రంథులు తగ్గి ఉంటాయి. మీ అమ్మగారికి వచ్చిన జబ్బులో ఒక గ్రంథి ఈ కట్టుబాటును వదిలేసి, రక్తంలో కాల్షియం నిండుగా ఉన్నా హార్మోనును పోస్తూనే ఉంటుంది. ఈ జబ్బు వచ్చినవారిలో నూటికి 80 నుంచి 85 మందిలో చెడిపోయేది ఒక్క గ్రంథే.

పీటీహెచ్ రక్తంలో నిలవ ఉండే హార్మోను కాదు. మూడు నాలుగు నిమిషాలకల్లా దాని పరిమాణం సగానికి పడిపోతుంది. ఆపరేషన్ గదిలో గ్రంథిని తీసిన పది నిమిషాలకు రక్తం తీసి, పీటీహెచ్ సగానికి పైగా తగ్గిందా లేదా అని చూసేది అందుకే. మీ అమ్మగారికి 396 నుంచి 52కు పడిందంటే చెడిన గ్రంథి బయటికి వచ్చిందనడానికి అది గట్టి ఆధారం. కాబట్టి ఇప్పుడు కనిపిస్తున్న 138 పాత గ్రంథి మిగిల్చిపోయిన హార్మోను కాదు. అది మిగిలిన మూడు గ్రంథులు ఈ పూట తయారు చేసినది. అవి ఎందుకు తయారు చేస్తున్నాయన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

దానికి జవాబు కాల్షియం అంకెలో ఉంటుంది. గ్రంథి ఇంకా చెడి ఉంటే పీటీహెచ్‌తో పాటు కాల్షియం కూడా పెరగాలి. మీ అమ్మగారి కాల్షియం 9.0. రక్తంలో కొంత కాల్షియం అల్బుమిన్ అనే ప్రోటీనుకు అంటుకుని ఉంటుంది, అది 3.4కు తగ్గి ఉంది కాబట్టి సవరించి చూడాలి: మామూలు అల్బుమిన్‌ను 4గా తీసుకుని అందులోంచి 3.4 తీసివేస్తే 0.6, దాన్ని 0.8తో గుణిస్తే సుమారు 0.5 వస్తుంది, అది కలిపితే 9.5. ఎట్లా చూసినా హద్దులోనే ఉంది. అంటే గ్రంథులు హద్దు మీరి పనిచేయడం లేదు, దేనికో స్పందిస్తున్నాయి.

మొదటి కారణం ఎముకలే అయి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి కాల్షియాన్ని పోగొట్టుకున్న ఎముకలు, హార్మోను ఒత్తిడి తొలగగానే దాన్ని తిరిగి లాక్కోవడం మొదలుపెడతాయి. మన సీమలో కరవు తరువాత తొలకరి పడినప్పుడు నెర్రెలు విచ్చిన చెరువు ముందు నీళ్ళన్నీ తాగేసి, ఆ తరువాతే నీళ్ళు నిలిచినట్లుగా, ఎముకలు తమ లోటు తీరేదాకా రక్తంలోని కాల్షియాన్ని లోపలికి తీసుకుంటూనే ఉంటాయి. రక్తంలో మట్టం పడిపోకుండా కాపాడడానికి మిగిలిన గ్రంథులు పీటీహెచ్‌ను ఎక్కువగా పంపుతాయి. ఆపరేషన్‌కు ముందు ఆల్కలైన్ ఫాస్ఫటేస్ బాగా ఎక్కువగా ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువ కనిపిస్తుంది. ఫాస్ఫరస్ 2.6, అంటే కింది హద్దు దగ్గర ఉండడం కూడా దీనికి పొసగుతుంది. గ్రంథులు దెబ్బతిని పనిచేయకపోతే ఫాస్ఫరస్ పెరిగేది, పీటీహెచ్ పడిపోయేది.

రెండో కారణం విటమిన్ డి లోపం. మీరు ఆ అంకె రాయలేదు. 25 హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష చేయించారా? అది మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కన్నా తక్కువ ఉంటే పీటీహెచ్ పెరగడంలో వింత ఏమీ లేదు. ఇవి కాక కాల్షియం చాలినంత తినకపోవడం, తిన్నది పేగులలో ఇంకకపోవడం, మూత్రంలో ఎక్కువగా పోవడం, మూత్రపిండాలు మందగించడం కూడా చూడాలి. క్రియాటినిన్ 0.8 కాబట్టి చివరిదానికి అవకాశం తక్కువ.

ఆపరేషన్ ఫలించిందా లేదా అన్నది వైద్యులు ఆరు నెలల తరువాతి కాల్షియంతో తేలుస్తారు. అప్పటికి కాల్షియం హద్దులో నిలిచి ఉంటే, పీటీహెచ్ కాస్త ఎక్కువగా ఉన్నా, జబ్బు నయమైనట్లే లెక్క. ఆరు నెలల లోపే కాల్షియం మళ్ళీ ఎక్కువగా కనిపిస్తే జబ్బు పోలేదని అర్థం. ఆరు నెలలు బాగుండి ఆ తరువాత పెరిగితే తిరగబెట్టిందని అర్థం.

అనంత ల్యాబు (అనంతపురం):

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్ గారు చెప్పిన మాటలకు ఒక్క విషయం జోడిస్తాను, ఎందుకంటే అంకె మీద ఇంత ఆందోళన పడేటప్పుడు ఆ అంకె ఎట్లా వచ్చిందో తెలిసి ఉండడం మంచిది.

పీటీహెచ్ రక్తం బయటికి తీశాక త్వరగా చెడిపోయే పదార్థం. అందుకే చాలాచోట్ల దాన్ని ఊదారంగు మూత గల ఈడీటీఏ గొట్టంలో తీసుకుంటాం; అందులో అది ఎక్కువసేపు నిలుస్తుంది. కాల్షియాన్ని మాత్రం ఆ గొట్టంలోంచి కొలవకూడదు, ఎందుకంటే ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాబట్టి రెండు పరీక్షలకు రెండు గొట్టాలు కావాలి, రెండూ ఒకేసారి తీయాలి. మా ఊరి నుంచి చాలా నమూనాలు బెంగళూరుకు పోతాయి. వేసవిలో వాటిని చల్లని పెట్టెలో పంపారో లేదో అడిగే హక్కు రోగులకు ఉంది. చేతికి పట్టీ బిగించి ఎక్కువసేపు ఉంచితే కాల్షియం ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువగా చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

పొద్దున కాల్షియం మాత్ర వేసుకుని వచ్చి రక్తం ఇస్తే కొన్ని గంటలపాటు పీటీహెచ్ తగ్గి కనిపించవచ్చు. జుట్టు ఊడకుండా వాడే బయోటిన్ మాత్రల వల్ల కొన్ని యంత్రాలలో పీటీహెచ్ తప్పుగా తక్కువ వస్తుంది. ఒక్కో కంపెనీ కిట్టుకు హద్దులు వేరుగా ఉంటాయి కాబట్టి హైదరాబాదు అంకెనూ కర్నూలు అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కష్టం. వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే ల్యాబులో, పరగడుపున, మాత్రలు వేసుకోక ముందు ఇవ్వండి.

కళ్యాణదుర్గం రైతు (అనంతపురం జిల్లా):

పైన పెద్దలు చెప్పిన ధైర్యాన్ని తగ్గించాలని నా ఉద్దేశం కాదు. కానీ రెండో వైపు కూడా ఒకటి ఉందని చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. నా భార్యకు ఇదే ఆపరేషన్ జరిగింది. తరువాత పీటీహెచ్ 170 దగ్గర ఉంటే, విటమిన్ డి తక్కువని సర్దిచెప్పి పొడి ప్యాకెట్లు ఇచ్చారు. కాల్షియం 10.2 ఉంది, హద్దులోనే ఉందన్నారు. మనిషి మాత్రం కోలుకోలేదు. అదే నీరసం, అదే మలబద్ధకం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం.

తరువాత వేరే ఊరిలో మరొక వైద్యురాలు పాత రిపోర్టులన్నీ బల్ల మీద పరిచి, అల్బుమిన్ 3.0 అని ఉన్న చోట పెన్నుతో గీత గీసి, లెక్క వేసి చూపించారు. 10.2కు 0.8 కలిపితే 11.0. అంతవరకు ఆ అల్బుమిన్ అంకెను ఎవరూ చూడలేదు. ఆమె అయనైజ్డ్ కాల్షియం (ప్రోటీనుకు అంటుకోకుండా విడిగా ఉన్న కాల్షియం) పరీక్ష చేయించారు. అదీ ఎక్కువే వచ్చింది. రెండో ఆపరేషన్‌లో కుడివైపు మరొక పెరిగిన గ్రంథి దొరికింది. ఇప్పుడు బాగానే ఉంది. కాబట్టి పీటీహెచ్ చూసి భయపడవద్దన్న మాట నిజమే అయినా, కాల్షియాన్ని సరిగ్గా లెక్కకట్టిన తరువాతే ఆ మాట అనాలి.

పాలకొండల నీడ (కడప):

ఈ టపాకు నేను నిజంగా కృతజ్ఞుడిని. నేను చెప్పినదానికి ఇది విరుద్ధం కాదు, దాన్ని పూర్తి చేస్తోంది. సవరించిన కాల్షియం 9.5 ఉండి పీటీహెచ్ 138 ఉండడం ఒక పరిస్థితి. సవరించిన కాల్షియం 11.0 ఉండి పీటీహెచ్ 170 ఉండడం పూర్తిగా వేరే పరిస్థితి. రెండింటిలోనూ హార్మోను దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అల్బుమిన్ లెక్క కూడా అన్నివేళలా నమ్మదగినది కాదు, అనుమానం ఉన్నచోట అయనైజ్డ్ కాల్షియమే మేలు.

రెండు గ్రంథులు చెడి ఉండడం, ఒక గ్రంథి మెడలో కాక ఛాతీలోకి దిగి ఉండడం అరుదుగానైనా జరిగేవే. ఈ జబ్బు చరిత్రలో పేరుపడ్డ రోగి చార్లెస్ మార్టెల్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్. ఆయన మెడను ఎన్నిసార్లు వెతికినా ఏమీ దొరకలేదు. చివరికి 1932లో ఏడో ఆపరేషన్‌లో ఛాతీ లోపల ఆ గడ్డ కనిపించింది. తీరా అది తీశాక ఆయన కాల్షియం పడిపోయింది. ఈ రోజు మన చేతిలో ఉన్న పరీక్షలేవీ అప్పుడు లేవు. ఉన్నప్పుడు వాటిని పూర్తిగా చదవడం మా వృత్తిలో ఉన్నవారి బాధ్యత.

హంద్రీ గట్టు (కర్నూలు):

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న హైదరాబాదు వైద్యుల బృందంతో ఫోనులో మాట్లాడాను. మాత్రలు ఆపవద్దని గట్టిగా చెప్పారు. విటమిన్ డి పరీక్ష చేయిస్తే 11 వచ్చింది. అమ్మ జీవితమంతా పొలం పనుల్లో ఎండలోనే గడిపారు కదా, అంత తక్కువ ఎట్లా ఉంటుందో నాకు అర్థం కావడం లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొదటిసారి రాళ్ళు పడినప్పుడు బంధువులు చెప్పగా అమ్మ పాలు, పెరుగు పూర్తిగా మానేశారు. ఇప్పటికీ మజ్జిగ చుక్క ముట్టరు. పైగా కడుపులో మంట అని పాంటోప్రజోల్ మాత్ర ఎప్పటి నుంచో రోజూ పరగడుపున వేసుకుంటున్నారు. కాల్షియం మాత్ర పెట్టె మీద కాల్షియం కార్బొనేట్ అని ఉంది. థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. అన్నీ కలిపి పొద్దున్నే ఒకేసారి మింగేస్తున్నారు.

పాలకొండల నీడ (కడప):

అమ్మా, మీరు రాసిన ఈ నాలుగు వాక్యాలలోనే సగం జవాబు ఉంది.

కాల్షియం కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. పాంటోప్రజోల్ ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. కాబట్టి కార్బొనేట్‌ను భోజనంతో పాటు వేసుకోవాలి, లేదా ఆమ్లంతో పనిలేని కాల్షియం సిట్రేట్‌కు మారాలి. ఈ మార్పు మీ వైద్యులను అడిగి చేయండి. పాంటోప్రజోల్ ఇంకా అవసరమా అన్నది కూడా అడగండి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే కాల్షియం ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వదు. అప్పుడు థైరాయిడ్ అంకెలు కూడా తారుమారవుతాయి.

ఎండ విషయం చాలామంది అడుగుతారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు మన ప్రాంతపు ప్రజల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పల్లెల్లో పనిచేసేవారిలో కూడా విటమిన్ డి లోపం విస్తారంగా కనిపించింది. తినే కాల్షియం తక్కువ, తిండిలో ఫైటేట్ (ధాన్యాల్లో ఉండి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని పదార్థం) ఎక్కువ అని కూడా తేలింది. నల్లని చర్మం, ఒంటిని కప్పే బట్ట, కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు ఒంట్లోని విటమిన్ డి త్వరగా ఖర్చయిపోవడం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. వీటికి తోడు, పీటీహెచ్ ఎక్కువగా ఉన్న ఆ జబ్బు కూడా నిల్వ ఉన్న విటమిన్ డి‌ని కరిగించేస్తుంది.

మామూలుగా లోపాన్ని సరిచేయడానికి 60,000 యూనిట్ల కొలికాల్సిఫెరాల్ (విటమిన్ డి మందు) వారానికొకటి చొప్పున కొన్ని వారాలు ఇచ్చి, ఆపైన నెలకొకటికి తగ్గిస్తాం. ఎంతకాలమన్నది మీ వైద్యులు నిర్ణయించాలి. చదివేవారికి ఒక హెచ్చరిక: ఇది వారం మందు, రోజూ వేసుకునే మందు కాదు. రోజూ వేసుకుని కాల్షియం ప్రమాదకరంగా పెరిగి ఆసుపత్రిలో చేరినవారిని నేను చూశాను.

కొర్రబువ్వ (ఆదోని):

నేను ఆహార నిపుణురాలిని. రాళ్ళున్నాయని పాలు మానేయడం మన దగ్గర ఎంత పాతుకుపోయిందో చెప్పలేను. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు. భోజనంతో పాటు తిన్న కాల్షియం పేగులలోనే ఆక్సలేట్‌ను పట్టి బయటికి పంపుతుంది. కాల్షియం మానేస్తే ఆ ఆక్సలేట్ రక్తంలోకి చేరి మూత్రంలోకి వస్తుంది. పైగా మీ అమ్మగారికి రాళ్ళు పడడానికి మూలకారణం గ్రంథి. దాన్ని తీసేశారు. ఇక పాలు, పెరుగులను శిక్షించి ప్రయోజనం లేదు.

పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అన్నం, జొన్నరొట్టెలతో అది రాదు. 100 గ్రాముల జొన్నల్లో 30 మిల్లీగ్రాములు కూడా ఉండవు. అదే 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. కాబట్టి వారంలో కొన్ని రోజులు రొట్టె స్థానంలో సంగటి పెట్టండి. రాగుల్లోని ఫైటేట్ కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి, మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి, లేదా ముందురోజు రాత్రి కలిపి పులియబెట్టిన అంబలి ఇంకా మేలు. ఆవుపాలలో 100 మిల్లీలీటర్లకు 120 దగ్గర, గేదెపాలలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. మునగాకు పప్పు, నువ్వుల పొడి మన వంటల్లో ఉన్నవే. పాలకూర, తోటకూరల్లో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ కూడా ఉంది. వాటి మీద ఆధారపడవద్దు. ఇన్నేళ్ళుగా పాలు మానినవారికి ఒక్కసారిగా గ్లాసు నిండా ఇస్తే కడుపు ఉబ్బరిస్తుంది. పలుచని మజ్జిగతో మొదలుపెట్టి పెరుగుకు వెళ్ళండి. నీళ్ళు మాత్రం ధారాళంగా తాగాలి.

గండికోట (జమ్మలమడుగు):

మా వైపు చాలా ఊళ్ళలో బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పిల్లలను చూస్తూనే పెరిగాం. ఫ్లోరైడ్‌కూ ఈ హార్మోనుకూ సంబంధం ఉందా?

పాలకొండల నీడ (కడప):

ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువగా చేరిన ఎముకల్లో కాల్షియం రాకపోకలు తారుమారవుతాయి. అస్థి ఫ్లోరోసిస్ ఉన్నవారిలో పీటీహెచ్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ రెండూ పెరిగి కనిపించడం మనదేశంలో ఎప్పుడో నమోదైంది. కాల్షియం తక్కువగా తినేవారిలో ఆ ప్రభావం ఇంకా తీవ్రం. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే ఫ్లోరైడ్ ఉండవచ్చని, వేరే నీటి వసతి లేని చోట 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం. అయితే నీళ్ళ మీదికి నెట్టి అసలు పరీక్షలు మానేయకూడదు. పత్తికొండ వైపు ఏ నీళ్ళు తాగేవారో మీ వైద్యులకు చెప్పండి. ఎక్స్‌రేలో ఎముకలు చూసేటప్పుడు ఆ సమాచారం ఉపయోగపడుతుంది.

ఎమ్మిగనూరు మగ్గం (కర్నూలు జిల్లా):

మా నాన్నకు డయాలసిస్ జరుగుతోంది. ఆయన పీటీహెచ్ 600 దాటింది. ఇక్కడ చెప్పినవి ఆయనకూ వర్తిస్తాయా?

పాలకొండల నీడ (కడప):

వర్తించవు, దయచేసి ఈ చర్చ చదివి ఏ మందూ మార్చవద్దు. మూత్రపిండాలు చెడినప్పుడు నాలుగు గ్రంథులూ కలిసి పెరుగుతాయి, ఫాస్ఫరస్ పేరుకుపోతుంది. డయాలసిస్ రోగులకు పీటీహెచ్ లక్ష్యం కూడా వేరు. వారిలో మామూలు హద్దు కన్నా రెండు నుంచి తొమ్మిది రెట్ల వరకు ఉండనిస్తారు. మీ నెఫ్రాలజీ వైద్యులతోనే మాట్లాడండి.

హంద్రీ గట్టు (కర్నూలు):

ఆరో నెల రిపోర్టులు వచ్చాయి. ఇదే జబ్బుతో ఇక్కడికి వచ్చేవారికి ఉపయోగపడతాయని రాస్తున్నాను. కాల్షియం 9.4, అల్బుమిన్ 3.9, విటమిన్ డి 33, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ సగానికి తగ్గింది. పీటీహెచ్ 86. అది ఇంకా హద్దు పైనే ఉంది. వైద్యులు కాల్షియం సిట్రేట్‌కు మార్చారు, పాంటోప్రజోల్ ఆపించారు. అమ్మ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశారు. ఆమె నోటితో ఆ మాట అనలేదు గానీ నేను గమనిస్తున్నాను. స్కాన్ అవసరం లేదని వైద్యులు చెప్పారు. కానీ క్లినిక్కులో చెప్పిన మాట అమ్మ మనసులోంచి పోలేదు. ఒకసారి స్కాన్ తీయించి ‘ఏమీ లేదు’ అని చూపిస్తే ఆమెకు ఊరట కలుగుతుందేమోనని ఆలోచిస్తున్నాను.

తుంగభద్ర తీరం (కర్నూలు):

అమ్మగారి ఊరట కోసమని మీరు తపించడం నాకు అర్థమవుతోంది చెల్లెమ్మా. కానీ స్కాన్ ఊరటే ఇస్తుందన్న హామీ లేదు. ఆపరేషన్ జరిగిన చోట ఏదో మచ్చ కనిపించి, అది ఏమిటో తేల్చడానికి ఇంకో పరీక్ష, దానికి ఇంకోటి, ఇట్లా పోతుంది. నా చేతనైతే అమ్మగారితో నేను మాట్లాడతాను. ఈ ఆపరేషన్ అయి తిరుగుతున్న మనిషిని కళ్ళారా చూస్తే ఆమెకు కాస్త ధైర్యం రావచ్చు.

పాలకొండల నీడ (కడప):

సెస్టమిబి స్కాన్ గానీ అల్ట్రాసౌండ్ గానీ జబ్బు ఉందో లేదో చెప్పే పరీక్షలు కావు. జబ్బు ఉందని రక్తపరీక్షలో రూఢి అయ్యాక, చెడిన గ్రంథి ఎక్కడుందో సర్జనుకు చూపడానికే అవి. ఆరో నెలలో కాల్షియం 9.4 ఉన్నవారికి స్కాన్‌తో వెతకవలసినది ఏమీ లేదు. ఈ స్థితిలో ఉన్నవారిలో చాలామందికి పీటీహెచ్ నెమ్మదిగా దిగుతుంది. ఎముకలు బాగా దెబ్బతిన్నవారికి ఏడాది, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కొద్దిమందిలో ఏళ్ళ తరువాత జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి ఏడాదికొకసారి కాల్షియం చూపించడం మాత్రం జీవితాంతం మానవద్దు. విటమిన్ డి సరిపడినంత ఉన్నా పీటీహెచ్ దిగకపోతే, 24 గంటల మూత్రం సేకరించి అందులో కాల్షియం ఎంత పోతోందో చూడాలి. రాళ్ళ చరిత్ర ఉన్నవారికి ఆ పరీక్ష మరీ ముఖ్యం.

స్కాన్‌కు పెట్టే డబ్బు ఉంటే దాన్ని ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్షకు వాడండి. చాలాచోట్ల నడుము, తుంటి మాత్రమే చూసి పంపించేస్తారు. ఈ జబ్బు ఎక్కువగా తినేసేది గట్టి ఎముకను. అది ముంజేతి ఎముకలో బాగా తెలుస్తుంది. కాబట్టి ముంజేయి కూడా తీయాలని కాగితం మీద మీ వైద్యులతో రాయించుకుని వెళ్ళండి. ఆపరేషన్‌కు ముందు తీసిన డెక్సా ఉంటే ఈసారీ అదే యంత్రం మీద తీయించండి, అప్పుడే రెండు అంకెలనూ పోల్చవచ్చు.

హంద్రీ గట్టు (కర్నూలు):

ముందుది ఉంది డాక్టర్ గారూ, కానీ అందులో ముంజేయి లేదు. వచ్చే నెల హైదరాబాదు వెళ్ళినప్పుడు అక్కడే మూడు చోట్లా తీయించి, ఆ అంకెలు ఇక్కడ పెడతాను. తుంగభద్ర తీరం అన్నగారూ, ఆదివారం మధ్యాహ్నం పైన మీకు వీలైతే ఫోను చేయండి, అమ్మకు ఇస్తాను.